గుజిరీ అంగట్లో పాత సైకిల్ కనిపిస్తే: కాపాడుకోవడం, కంపెనీ గుర్తుపట్టడం

మన కర్నూలు, అనంతపురం, కడప వైపు పాత సైకిళ్ళకు ఒక అదృష్టమూ ఉంది, ఒక శాపమూ ఉంది. వానలు తక్కువ, సముద్రం దూరం, అందుకే ఇనుము తొందరగా తినిపోదు. కోస్తాలో ఉప్పుగాలికి జల్లెడైపోయే మడ్‌గార్డు ఇక్కడ ఏ పశువుల కొట్టం మూలనో గట్టిగానే మిగిలి ఉంటుంది. శాపమేంటంటే ఎండ. తోలు సీటు పగుళ్ళు బారుతుంది, టైర్లు పొడిపొడిగా రాలిపోతాయి, పెడళ్ళ రబ్బరు చిట్లుతుంది. బయటికి కనిపించేవి ఇవే కాబట్టి ఇంట్లోవాళ్ళు "ఇంకేముంది దాంట్లో" అని కాటాకు వేసేస్తారు. నిజానికి వాళ్ళు చూసి విసుక్కున్న వస్తువులే చాలావరకు ఇవాళ్టికీ కొత్తవి దొరుకుతాయి. దొరకనిది బాడీ (ఫ్రేమ్), ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు, దాని మీద మిగిలిన గీతలూ అక్షరాలూ. కింద చెప్పేదంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ఎక్కడ వెతకాలి

గుజిరీ అంగళ్ళు సరే, కానీ అక్కడికి వచ్చేసరికి సగం సైకిళ్ళు చక్రాలు ఒకచోట, హ్యాండిల్ ఒకచోట అయిపోయి ఉంటాయి. అంగడి భాయ్‌తో ముందే మాట్లాడుకుని, "రాడ్ బ్రేకుల పాత బండి ఏదొచ్చినా విప్పకుండా పక్కన పెట్టన్నా, ఇనుము ధర మీద ఇంకొంచెం వేసిస్తా" అని ఫోన్ నంబర్ ఇచ్చి రావడం వారం వారం తిరగడం కన్నా మేలు. పాత సైకిల్ బరువు సుమారు 20 కిలోలు ఉంటుంది కాబట్టి కాటా ధర ఎంతవుతుందో మీకే అర్థమవుతుంది, ఆ మీదిచ్చేదే అసలు బేరం.

అంతకన్నా మంచి చోట్లు వేరే ఉన్నాయి. మూతపడిన గంట సైకిళ్ళ అద్దె అంగళ్ళు, వాటి వెనక గదులు. గుంతకల్లు, గుత్తి, డోన్ లాంటి రైల్వే ఊళ్ళలో రిటైరైన ఉద్యోగుల ఇళ్ళు. పాతూరు సందుల్లో ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేచోట మిద్దె మీద పడేసిన సామాను. బడి అయ్యవార్ల ఇళ్ళు మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్ళ బండి బరువులు మోసి ఉండదు. పాలవాళ్ళ బండి, గుడ్డల మూటల బండి అయితే వెనక భాగాన్ని అనుమానంగా చూడండి, క్యాన్ల బరువుకు ఫ్రేమ్ అతుకులు ఎక్కడో ఒకచోట వదిలి ఉంటాయి.

కర్నూలు పాతబస్తీ బండి అయితే ఇంకో ప్రశ్న అడగాలి: 2009 అక్టోబరు వరదలో మునిగిందా? మునిగిన బండి పైకి బాగానే ఉండొచ్చు, గొట్టాల లోపల మాత్రం తుంగభద్ర ఒండ్రు గట్టిపడి కూర్చుని ఉంటుంది. సీటును దాని కమ్మితో సహా పైకి లాగేసి, సైకిల్ తలకిందులు చేసి తట్టండి, మట్టి రాలితే లోపల తుప్పు ఎంతవరకు పోయిందో చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

డబ్బు ఇచ్చేముందు

హ్యాండిల్ కింద నిలువు గొట్టం వెనక, దానికి ఏటవాలు గొట్టం అతికే చోట వేలితో తడమండి. అక్కడ పెయింట్ ముడతలు పడి, చిన్న ఉబ్బు తగిలితే ఎప్పుడో ముందునుంచి గట్టిగా గుద్దుకున్న బండి అని అర్థం. తరవాత దారం పరీక్ష. వెనక ఇరుసు దగ్గర ఒకపక్క దారం కట్టి, ముందు నిలువు గొట్టం చుట్టూ తిప్పి, రెండోపక్క ఇరుసుకు తెచ్చి బిగువుగా కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండువైపులా స్కేలుతో కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా లెక్కలోకి రాదు, అంతకు బాగా మించితే ఫ్రేమ్ పక్కకు వంగింది.

అతుకుల్లో వెల్డింగ్ చూడండి. పాత పద్ధతిలో గొట్టాలు లగ్గుల్లోకి (అతుకు దగ్గర గొట్టాల కొనలను పట్టే ఇనుప తొడుగుల్లోకి) దూర్చి ఇత్తడి కరిగించి అతికేవాళ్ళు, కాబట్టి పసుపు రంగు ఇత్తడి మెరుపు కనిపిస్తే భయం లేదు. బుడిపెలు బుడిపెలుగా కరెంటు వెల్డింగ్ ఉంటే ఆ అతుకు ఒకసారి విరిగిందన్నమాట. ధర తగ్గించుకోవచ్చు, కానీ నడపడానికి పనికొస్తుందని మాత్రం అనుకోవద్దు.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. అమ్మేవాళ్ళ పేరు, తేదీ, ఫ్రేమ్ నంబరు రాసి సంతకం చేయించుకున్న చీటీ ఒకటి తీసుకోండి. దొంగ బండి అని తరవాత ఎవరైనా వస్తే మీ చేతిలో అదొక్కటే ఉంటుంది. చీటీ అడిగితే నసిగే మనిషి దగ్గర కొనకపోవడమే మంచిది, బండి ఎంత అరుదైనదైనా సరే.

కడగకండి, ముందు చదవండి

ఇంటికి తేగానే సర్ఫు నీళ్ళు, పైపు తీసుకోవద్దు. నాలుగు వైపులా ఫోటోలు, తరవాత ప్రతి అతుకు, ప్రతి నట్టు తల దగ్గర నుంచి ఫోటోలు. ఏ వాషరు ఎక్కడుందో, బ్రేకు రాడ్లు ఏది దేని మీదుగా వెళ్తోందో విప్పాక గుర్తుండదు.

మన ఇళ్ళలో ప్రతి ఆయుధపూజకూ సైకిల్‌కు విభూతి, కుంకుమ, పసుపు పెట్టడం ఆనవాయితీ, అదీ సరిగ్గా ముందు గొట్టం మీదే, అంటే కంపెనీ బిళ్ళ ఉండే చోటే. దాని మీద మళ్ళీ ఎవరో ఆకుపచ్చ ఎనామిల్ కొట్టి ఉంటారు. ఆ పొరల కింద ఇత్తడి బిళ్ళ ఉందేమో గోటితో, ఐస్‌క్రీం పుల్లతో మెల్లగా గీరి చూడండి. స్క్రూడ్రైవర్ వద్దు. బిళ్ళ లేకపోయినా దాని రెండు చిన్న రివిట్ల రంధ్రాలు ఉంటాయి. అవి పైనా కిందా ఉన్నాయా, అటూ ఇటూ ఉన్నాయా, మధ్య దూరం ఎంత, ఇవి రాసుకోండి. ఎవరైనా "ఇది రాలీ బిళ్ళ" అని తెచ్చి అమ్మజూపితే ఈ కొలతకు సరిపోతుందో లేదో తేల్చుకోవచ్చు. కొత్తగా పోతపోసిన నకిలీ బిళ్ళలు చాలా తిరుగుతున్నాయి.

ఇంకా వెతకాల్సింది సైకిల్ బిళ్ళ. ఒకప్పుడు మున్సిపాలిటీలు, పంచాయతీలు సైకిల్‌కు పన్ను కట్టించుకుని చిన్న రేకు బిళ్ళ ఇచ్చేవి. ఊరి పేరు, సంవత్సరం దాని మీదే అచ్చై ఉండేవి. హ్యాండిల్ దగ్గరో, ముందు ఇరుసు నట్టుకో తగిలించి ఉంటుంది, తుప్పు ముక్క అనుకుని పారేయొద్దు. అది బండి తయారైన ఏడు చెప్పదు, కనీసం ఆ ఏటికి ఆ ఊళ్ళో తిరుగుతోందని చెబుతుంది.

అసలు ఏ కంపెనీ?

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. మన దగ్గర ఏ సైకిలూ పుట్టినప్పటి సామానుతో ఉండదు. చైన్‌వీల్ (పెడళ్ళ దగ్గర చైను తిప్పే పళ్ళ చక్రం) అరిగితే అంగట్లో ఏది దొరికితే అది వేశారు, హ్యాండిల్ విరిగితే ఇంకో బండిది పెట్టారు, అమ్మేముందు స్టిక్కర్ అతికించారు. ఒకే బండిలో నాలుగు కంపెనీలు ఉండటం మామూలే. కాబట్టి సులభంగా మార్చగలిగేవాటికి తక్కువ విలువ ఇవ్వండి: స్టిక్కరు, బెల్లు, సీటు, చక్రాలు, ఆ తర్వాత చైన్‌వీల్, ఆ తర్వాత బిళ్ళ. మార్చడం కష్టమైనవాటి మాట నమ్మండి: ఫోర్కు పైభాగం, లగ్గుల ఆకారం, వెనక ఇరుసు కూర్చునే చీలికల తీరు, ఫ్రేమ్ నంబరు కొట్టిన చోటు.

రాలీ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ కంపెనీ, గుర్తు కొంగ. చైన్‌వీల్‌లో కొంగ తలల ఆకారాలు కోసి ఉంటాయి. కానీ నేను ముందు చూసేది ఫోర్కు తల. రెండు కాళ్ళ పైకొనలూ విడివిడిగా గుండ్రటి టోపీల్లా కనిపిస్తే అది రాలీ తరహా. ఈ తరహానే ఆసన్‌సోల్ దగ్గర 1950లలో మొదలైన సెన్-రాలీ వాళ్ళూ చేశారు, కాబట్టి కొంగ కనిపించగానే ఇంగ్లండు బండి అని ఎగరొద్దు. బిళ్ళ మీద నాటింగ్‌హామ్ ఉందా, ఇండియా ఉందా చదవండి. మన జిల్లాల్లో దొరికే రాలీల్లో మన దేశంలో తయారైనవే జాస్తి, వాటిని తక్కువగా చూడాల్సిన పనీ లేదు, అవీ గట్టి బండ్లే.

హంబర్ అయితే దూరం నుంచే తెలుస్తుంది. ముందు ఫోర్కు ఒక్కో కాలుకు ఒక్క లావు గొట్టం కాకుండా పక్కపక్కనే రెండు సన్న గొట్టాలు. చైన్‌వీల్‌లో మనుషుల బొమ్మలు. రడ్జ్ చైన్‌వీల్‌లో తెరిచిన అరచెయ్యి ఉంటుంది. హంబర్‌ను 1932లో, రడ్జ్ సైకిళ్ళను 1943లో రాలీ కొనేసింది. అందుకే వీటి మీద రాలీ సామాను కనిపిస్తే ఎవరో మార్చారని వెంటనే తీర్పు చెప్పొద్దు.

బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, 1861లో తుపాకుల కోసం పుట్టిన కంపెనీ. అందుకే గుర్తు కూడా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. చైన్‌వీల్‌లో ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలే కోసి ఉంటాయి. ఇంగ్లండులో వాళ్ళ సైకిల్ విభాగం 1957లో రాలీ చేతికి పోయింది. మన దేశంలో బీఎస్ఏ, హెర్క్యులిస్, ఫిలిప్స్ పేర్లతో సైకిళ్ళు చేసింది మద్రాసు పక్కన అంబత్తూరులోని టీఐ సైకిల్స్. ఆ కంపెనీ 1949లో పెట్టారు, 1951లో మొదటి హెర్క్యులిస్ బయటికొచ్చింది. మద్రాసు మనకు దగ్గర కాబట్టి ఇక్కడి పల్లెల్లో ఈ అంబత్తూరు బండ్లు చాలా దొరుకుతాయి.

అట్లాస్ (సోనీపత్, 1951), హీరో (లూధియానా, 1956), ఏవన్, బొంబాయి హింద్ ఇవన్నీ మన దేశపువే. అట్లాస్ తయారీ 2020లో ఆగిపోయింది, ఆ తర్వాత దాని పాత బండ్లకు గిరాకీ పెరిగిందని అమ్మేవాళ్ళు చెప్పుకుంటారు, బేరానికి వాడే మాటగానే తీసుకోండి. హింద్ సైకిల్స్‌నూ సెన్-రాలీనీ కేంద్రం 1980లో చట్టం చేసి జాతీయం చేసింది. బిళ్ళ మీద సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అని ఉంటే అది సెన్-రాలీ తర్వాతి కాలపుదని తేలిపోయినట్టే.

సామానులోనూ ఆధారాలుంటాయి. హబ్ (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగం) నడుమ నూనె పోసే చిన్న రంధ్రం, దాని మీద స్ప్రింగు మూత ఉంటే పాతకాలపు హబ్. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనకకు 40 ఉండటం ఇంగ్లిష్ పద్ధతి, దాన్నే మనవాళ్ళూ కొనసాగించారు, కాబట్టి ఒక్కదీంతో దేశం తేలదు. ఇంగ్లండు కంపెనీల లూకాస్ డైనమో, బ్రూక్స్ తోలు సీటు దొరికితే బండి ఏదైనా సరే జాగ్రత్త చేయండి. సీటు పైతోలు చచ్చినా కింద స్ప్రింగులు, వెనక పేరు రేకు బాగుంటే దానికి కొనేవాళ్ళున్నారు.

ఏ సంవత్సరం?

ఫ్రేమ్ నంబరు సీటు గొట్టం పైఅతుకు దగ్గరో, పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం అడుగునో, వెనక ఇరుసు చీలిక పక్కనో ఉంటుంది. పెయింట్ కింద మసకగా ఉంటే సుద్దపొడి రుద్ది తుడవండి, గుంటల్లో తెల్లగా నిలుస్తుంది. నంబరు ఒక్కటి చూసి "1938 మోడల్" అని గట్టిగా చెప్పేవాళ్ళను నమ్మకండి, నంబరుతో పాటు ఇంకో రెండు ఆధారాలు ఒకే కాలాన్ని చూపించాలి.

అదృష్టం బాగుండి స్టర్మీ-ఆర్చర్ అనే ఇంగ్లండు కంపెనీ మూడు గేర్ల హబ్ దొరికితే దాని మీద గేరు పేరు పక్కన అంకెలు చూడండి. యుద్ధం తర్వాతి హబ్‌ల మీద 54, 7 అని ఉంటే 1954 జూలైలో చేసిన హబ్ అని. హబ్ ఏడు అది, బండి ఏడు కాదు, చక్రం మారి ఉండొచ్చు.

మెరుగు పూత కూడా ఒక ఆధారమే. నీలి ఛాయ ఉన్న తెల్లటి మెరుపు క్రోమియం, కొంచెం పసుపు ఛాయలో మెత్తగా మెరిసేది నికెల్. క్రోమియం పూత 1930ల నుంచి మామూలైంది, కాబట్టి అన్ని భాగాలకూ అసలు నికెలే ఉంటే అంతకు ముందుదేమో అని ఆలోచించొచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంటివాళ్ళను అడగడం ఒక ఎత్తు. "ఏ సంవత్సరం కొన్నారు తాతా" అంటే ఎవరూ చెప్పలేరు. "ఎవరి పెళ్లికి పెట్టారు?" అనండి, వెంటనే చెబుతారు, ఎందుకంటే సైకిల్, వాచీ, రేడియో అల్లుడికి పెట్టే రోజులు అవి. "గంజి కరువు అయిన మరుసటేడు మా నాయన తెచ్చినాడు" అంటే 1950ల మొదట్లోకి వెళ్ళిపోయాం. "కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ఆఫీసుకు దీని మీదే పోయేవాణ్ణి" అంటే 1953 అక్టోబరుకూ 1956 నవంబరుకూ మధ్యన ఈ బండి ఉన్నట్టే. ఈ మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ముందు వాళ్ళను అడిగాకే.

విప్పడం

పట్టుకుపోయిన నట్ల మీద డీజిల్‌లో కొంచెం ఇంజినాయిలు కలిపి చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి, కిరోసిన్ దొరికితే అదీ సరే. ఇంగ్లండు బండ్ల నట్లకు మన మిల్లీమీటర్ల స్పానర్లు చాలాచోట్ల సరిగ్గా కూర్చోవు. వదులు స్పానర్‌తో తిప్పితే మూలలు అరిగి గుండ్రమైపోతాయి, అంగుళాల స్పానర్లు పాత మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకోండి.

ఏది ఎటు తిప్పాలో తెలియక సామాను పగలగొట్టేది రెండుచోట్ల. ఎడమ పెడల్ మర తిరగమర (గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులయ్యేది), కుడిది మామూలుది. అలాగే పెడళ్ళ ఇరుసుకు చైన్‌వీల్ వైపు ఉండే కప్పు ఇంగ్లిష్ బండ్లలో తిరగమర. కదలకపోతే ఆ కప్పును అలాగే ఉంచి లోపల శుభ్రం చేసుకోవచ్చు, పట్టుబట్టి తీయాల్సిందేం లేదు.

క్రాంక్‌ను (పెడల్ బిగించే ఇనుప చేతిని) ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ అనే మేకు దగ్గర ఓపిక కావాలి. నట్టు పూర్తిగా తీయకుండా మర చివరిదాకా వదులు చేసి, క్రాంక్ కింద ఇనుప గొట్టం ఆనించి, బరువైన సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేయాలి. చిన్న సుత్తితో పదిసార్లు టకటకలాడిస్తే మర వంగిపోతుంది, లోపలి బాల్స్ కూర్చునే దారి గుంటలు పడుతుంది. హ్యాండిల్ తీయాలంటే పైబోల్టు నాలుగైదు చుట్లు వదులు చేసి, దాని మీద చెక్క పెట్టి కొట్టండి, లోపల బిగుసుకున్న ముక్క కిందికి దిగి హ్యాండిల్ వదులవుతుంది.

నాటింగ్‌హామ్ రాలీ అయితే పెడల్ ఇరుసు కప్పులు పారేయకండి. వాటి మర అంగుళానికి 26 చుట్లు, మిగతా ఇంగ్లిష్ కంపెనీలది ఎక్కువగా 24. బయట దొరికే కప్పును బలవంతంగా ఎక్కిస్తే బాడీ మరే పోతుంది.

తుప్పు, రంగు, తోలు

మొట్టమొదట చెప్పేది: పెయింటర్ దగ్గరికి తీసుకుపోకండి. పాత నలుపు, దాని మీద బంగారు గీతలు, సీటు గొట్టం మీద చెరిగిన కంపెనీ అక్షరాలు ఇవే ఆ బండి విలువలో సగం. పౌడర్ కోటింగ్ చేసి మెరిపించిన సైకిల్ హోటల్ ముందు అలంకారానికి బాగుంటుంది, అంతే. గీతల మీద పెట్రోలు, థిన్నర్ తగలనివ్వొద్దు. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ, అదీ మూల ఒకచోట పరీక్షించాకే. ఎవరో మీద కొట్టిన ఎనామిల్ కింద అసలు రంగు ఉందని తేలితే అంగుళం అంగుళం గీరుకుంటూ పోవాలి, నెలలు పడుతుంది.

క్రోమియం రిమ్ముల తుప్పుకు వంటింటి అల్యూమినియం కాగితం నలిపి, నీళ్ళలో ముంచి రుద్దండి, ఆశ్చర్యపోతారు. మరీ మొండిదైతే మార్బుల్ పాలిష్‌వాళ్ళు వాడే ఆక్సాలిక్ పొడి, లీటరు నీళ్ళకు రెండు చెంచాలు, ప్లాస్టిక్ తొట్టిలో నానబెట్టి మధ్యమధ్యలో చూస్తుండాలి. అది విషం. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు ఉండాలి, ఆరుబయటే చేయాలి, పిల్లలు, పశువులు అటు రాకూడదు. తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి, ఎండలో ఆరగానే పల్చగా నూనె రాయాలి. ఇత్తడి బిళ్ళకు చింతపండు పెట్టి తోమాలని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకండి, గుంటల్లో మిగిలిన రంగు పోతుంది.

తోలు సీటుకు ఆముదం మంచిదే, చెప్పులకు పట్టించినట్టు నానబెడితే మాత్రం తోలు సాగి ఉయ్యాలైపోతుంది. అడుగువైపు వేలితో పల్చగా, వారం ఆగి మళ్ళీ ఒకసారి. ముక్కు దగ్గరున్న బిగింపు నట్టును తోలు మెత్తబడేదాకా ముట్టుకోవద్దు, ఎండిన తోలును లాగితే రివిట్ల దగ్గర చిరుగుతుంది.

మళ్ళీ బిగించడం

బాల్స్ అన్నీ కొత్తవి వేయండి, చౌకే. వెనక హబ్‌కూ పెడల్ ఇరుసుకూ సాధారణంగా పావు అంగుళం బాల్స్, ముందు హబ్‌కు అంతకన్నా చిన్నవి. పాత బాల్ ఒకటి జేబులో వేసుకుని అంగడికి వెళ్తే గొడవే లేదు. టైర్ల గురించి టెన్షన్ వద్దు, రిమ్ము మీద 28 × 1½ అని ఉంటే ఆ సైజు మన సైకిల్ అంగళ్ళలో ఇప్పటికీ దొరుకుతుంది, రాడ్ బ్రేకు రబ్బర్లు కూడా. ఆ రబ్బర్లు రిమ్ము పక్కలను కాదు, లోపలివైపును పట్టాలి, చక్రం తిప్పి రెండు రబ్బర్లూ ఒకేసారి తగులుతున్నాయో చూడండి. వాన నీళ్ళలో ఇనుప రిమ్ము మీద ఈ బ్రేకులు దాదాపు పనిచేయవు. ఘాట్ దారి సంగతి పక్కన పెట్టండి, వాన పడితే ఊళ్ళో కూడా దిగి నడిపించుకుంటూ రండి.

ఫ్రేమ్ విరిగినదో, వంగినదో అయితే నడపాలని చూడొద్దు. దాని నుంచి ఫోర్కు, చైన్‌వీల్, హబ్బులు, బ్రేకు రాడ్లు, మడ్‌గార్డును పట్టే కమ్మీలు, కంపెనీ పేరు అచ్చైన చిన్న చిన్న నట్లు విడదీసి, ఏ బండివో చీటీ కట్టి డబ్బాలో వేసుకోండి. ఫ్రేమ్ నంబరున్న ముక్క, బిళ్ళ కూడా. మిగిలింది కాటాకు వేసేయొచ్చు.